గంటల లెక్క వెనుక ఒక పైలట్

పెర్త్ నుంచి హైదరాబాద్‌కు గాలిలో సూటిగా కొలిస్తే సుమారు 6,800 కిలోమీటర్లు. కానింగ్ వేల్‌లోని మనవాళ్లు సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో విమానం మారుతారు. మధ్యలో పడిగాపులు తీసేస్తే గాల్లో ఉండేది పది గంటలు, కాస్త అటూ ఇటూ. దూరాన్ని ఇలా గంటల్లో చెప్పుకొనే రోజులు రావడానికి ప్రాణాలొడ్డినవారిలో సర్ చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ ఒకరు. సిడ్నీ విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. అయితే ఎయిర్‌లైన్ పైలట్‌గా ఆయన పనిచేసింది మన పశ్చిమ ఆస్ట్రేలియాలో.

1897 ఫిబ్రవరి 9న బ్రిస్బేన్‌లో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలీకి వెళ్లి, తర్వాత పైలట్ అయ్యారు. 1917లో తూటాలు తగిలి ఎడమ పాదంలో కొంత భాగం పోయింది. అయినా విమానం వదల్లేదు.

1921లో నార్మన్ బ్రియర్లీ జెరాల్డ్‌టన్ నుంచి డెర్బీకి టపా విమానాలు మొదలుపెట్టినప్పుడు తీసుకున్న ఐదుగురు పైలట్లలో స్మిత్ ఒకరు. ఆ తీరపు ఊళ్లకు పెర్త్ నుంచి రైలు లేదు, ఉత్తరాలు ఓడల్లో వెళ్లేవి. డిసెంబర్ 5న, మొదటి రోజే ఒక విమానం కూలి ఇద్దరు మరణించారు. దిగే మైదానాలు బాగుచేశాకే సర్వీసు మళ్లీ నడిచింది. తర్వాత స్మిత్, మిత్రుడు కీత్ ఆండర్సన్‌తో కలిసి కార్నార్వన్‌లో లారీలు నడిపారు.

1928లో చార్లెస్ ఉల్మ్, ఇద్దరు అమెరికన్లతో కలిసి సదరన్ క్రాస్ అనే మూడింజన్ల విమానంలో పసిఫిక్ దాటారు. హవాయి నుంచి ఫిజీకి ఏకబిగిన 34 గంటలకు పైనే నీళ్ల మీద! అదే ఆగస్టులో మెల్‌బోర్న్ దగ్గరి పాయింట్ కుక్ నుంచి ఎక్కడా ఆగకుండా పెర్త్ వచ్చారు. పట్టింది 23 గంటలకు పైమాటే. ఇప్పుడు నాలుగు గంటల పని.

1929 మాత్రం ఆయన జీవితంలో మాయని మచ్చ. ఇంగ్లండ్‌కు బయలుదేరి కింబర్లీలో దారితప్పి బురదనేలలో దిగారు. వెతకడానికి వెళ్లిన ఆండర్సన్, ఆయన మెకానిక్ హిచ్‌కాక్ ఎడారిలో దిగాల్సి వచ్చి దాహంతో చనిపోయారు. ఇదంతా ప్రచారం కోసం ఆడిన నాటకమని జనం అనుమానించారు. విచారణలో అది తప్పని తేలింది. కానీ లారీల రోజుల నాటి స్నేహితుడు తిరిగి రాలేదు కదా.

1932లో సర్ బిరుదు వచ్చింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్ నుంచి ఒంటరిగా మన విండమ్‌కు 7 రోజుల 4 గంటల 44 నిమిషాల్లో చేరారు. 2018 నుంచి పెర్త్-లండన్ విమానం మధ్యలో ఆగకుండా దాదాపు 17 గంటల్లో వెళ్తోంది.

1935 నవంబర్‌లో పెథీబ్రిడ్జ్‌ను తోడు తీసుకుని ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు మరో రికార్డు కోసం బయలుదేరారు. అలహాబాద్‌లో లేచి, రాత్రంతా ఎగిరి సింగపూర్ చేరాలని ఆలోచన. 8వ తేదీ తెల్లవారుజామున అండమాన్ సముద్రం మీద విమానం అదృశ్యమైంది. అప్పటికి ఆయన వయసు 38. 1937లో బర్మా తీరంలో విమానపు చక్రం కాలు ఒకటి దొరికింది. ఇద్దరి జాడ ఇప్పటికీ లేదు. సింగపూర్ నుంచి హైదరాబాద్‌కు మనం వెళ్లేదీ ఆ సముద్రం మీదుగానే.