కాలమును కాయకముగా నెంచిన నాగేశ్వరరావు పంతులుగారు

కొలువు చేయువానికి కాలమును పరులు పంచి యిత్తురు. పాఠశాలలో గంట మ్రోగును. కచేరీలో హాజరుపట్టీ యుండును. స్వయముగా వృత్తి నెరపుకొనువానికి గంట కొట్టువారు లేరు. దుకాణము ఎప్పుడు తెరువవలెను, కుట్టుపని ఏ దినమున ముగింపవలెను, పొలమునకు ఎప్పుడు పోవలెను అనునవి యన్నియు అతడే నిర్ణయించుకొనవలెను. ఈ స్వాతంత్ర్యము గొప్ప వరమే. కాని యేమరినచో అదియే కీడగును. మన చిలుకూరు మొదలు కోదాడ, మిర్యాలగూడ వరకు గల సేద్యగాండ్రు, వర్తకులు, దర్జీలు, వైద్యులు, న్యాయవాదులు అందరును ఇట్టి స్వతంత్రులే. అట్టివారు తెలిసికొనదగిన జీవితము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది.

పంతులుగారు 1867వ సంవత్సరము మే 1వ తేదీన కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. బందరులో చదివి, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైరి. ఆ కాలమున పట్టభద్రునకు సర్కారు కొలువు దుర్లభము కాదు. ఆయన మనసు వ్యాపారమువైపు మరలెను. ముందుగా కలకత్తాలోను, బొంబాయిలోను పరులకడ పనిచేసి వర్తకపు మెలకువలు నేర్చుకొనిరి. స్వతంత్రుడు కాగోరువాడు తొలుత శిష్యరికము చేయవలెనను సత్యము వారికి తెలియును.

1893లో బొంబాయి నగరమున తలనొప్పికి, ఒడలి నొప్పులకు పనికివచ్చు అమృతాంజనమును తయారుచేసి అమ్మకమునకు పెట్టిరి. క్రొత్త మందును ఎవరు కొందురు? ఇంటింటికి తిరిగి చెప్పుటకు ఒక్క మనుష్యుని కాలము చాలదు. అందుచేత వారొక యుపాయము పన్నిరి. సంగీత సభలకు వచ్చిన జనులకు ఆ మందును ఉచితముగా పంచిపెట్టిరి. జనులు కూడినచోటికి తాము పోయినచో నూరు దినముల పని యొక్క సాయంకాలమున తీరును. అనుభవించినవారే పదిమందికి చెప్పిరి. మందు దేశమంతట వ్యాపించెను.

ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. అమృతాంజనము వెలువడిన 1893 మొదలు రెండవ మహాకార్యమైన పత్రికను ఆరంభించు 1908 వరకు పదునైదేండ్లు గడచినవి. మొదటి చెట్టు వేరూని కాయలు కాచినపిదపనే రెండవ మొక్కకు పాదు త్రవ్విరి. నేడు మనలో పెక్కురు ఒక దుకాణము నిలద్రొక్కుకొనకముందే మరియొక వ్యాపారమునకు చేయిచాతురు. రెంటికిని కాలము చాలక రెండును చెడును.

1907లో సూరతు నగరమున జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులుగారు వెళ్లిరి. దేశమున లేచిన యుద్వేగమును తెలుగువారికి తెలుగులో తెలుపు పత్రిక కావలెనని వారికి తోచెను. మరుసటి యేడు, అనగా 1908లో, బొంబాయినుండియే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. 1914 ఏప్రిలు 1వ తేదీనుండి మద్రాసులో అదే పేరున దినపత్రిక నడచెను. 1924లో భారతి మాసపత్రిక పుట్టెను. ఏటేట ఉగాదికి ప్రత్యేక సంచిక వెలువడుచుండెను.

వరుసను చూడుడు. దినమున కొకటి, వారమున కొకటి, మాసమున కొకటి, వత్సరమున కొకటి! గంట కొట్టువాడు లేని స్వతంత్రుడు తనకు తానే నాలుగు గంటలు కట్టుకొనెను. పాఠకుడు తెల్లవారగనే పత్రికకై ఎదురుచూచును. ఆ యెదురుచూపే యజమాని. స్వయంవృత్తిలోనివారికి దీనిని మించిన కిటుకు లేదు. తనలో తాననుకొన్న గడువు సులభముగా జారిపోవును. పదిమందికి మాటయిచ్చిన గడువు మనిషిని కూర్చుండనీయదు. దర్జీ తన గోడమీద బట్టలు ఇచ్చు తేదీని వ్రాసియుంచినచో అదియే ఆతని గడియారమగును.

ఇన్ని పనులు ఒక్కరు ఎట్లు చేసిరి? ఒక్కరే చేయలేదు. భారతి పుటలకు పండితులను, పత్రికా కార్యాలయమునకు సమర్థులను కూర్చుకొనిరి. మందు అమ్మగా వచ్చిన లాభము పత్రికలను పోషించెను. పత్రికలు సాహిత్యమును, జాతీయోద్యమమును పోషించినవి. ఒక పనికి మరియొక పని అడ్డు రాక తోడుపడునట్లు అమర్చుటలోనే వారి నేర్పు కలదు. ఒడలు వంచి, మనసు నిలిపి చేయు వృత్తి కాయకమనియు, దాని ఫలమును సమాజమునకు అర్పించుట దాసోహమనియు బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున బోధించెను.  పంతులుగారి నడవడిలో ఈ రెండును కనిపించును. ప్రజలు వారిని దేశోద్ధారకుడని, విశ్వదాతయని కొనియాడిరి.

మన శైవ వాఙ్మయమునకు వారు చేసిన సేవ మనము మరువరానిది. 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి, ఆ యేడే పాల్కురికి సోమనాథుని బసవపురాణమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణముతో ముద్రించిరి. తాళపత్రములలో నుండిన గ్రంథము అట్లు సామాన్యుల చేతికి వచ్చెను.

మన ప్రాంతముతో ముడివడిన మరియొక కథ కలదు. మన పొరుగుననే యున్న మునగాల సంస్థానమునకు దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమను బృహత్కార్యమునకు పూనుకొనిరి. సంస్థానపు వ్యవహారములు చూచుచు, చరిత్ర పరిశోధన చేయుచు, మిగిలిన కాలమునంతయు దానికే ధారపోసిరి. మూడు సంపుటములు వెలువడినవి. అవి యన్నియు అకారముతో మొదలగు విషయములకే సరిపోయినవి. 1923లో, ఏబదియేండ్లయినను నిండకముందే, లక్ష్మణరావుగారు మద్రాసులో కన్నుమూసిరి. ఆ పనిని పంతులుగారు 1930ల దశకమున మరల చేపట్టి కొన్ని సంపుటములు ముద్రించిరి. వారి జీవితకాలమునను అది ముగియలేదు. కాలము నెంత పొదుపుగా వాడినను ఒక్క ఆయువులో ఇమడని పనులు కలవు. అట్టి పనికి మరియొకరు అందుకొన వీలగునట్లు క్రమము ఏర్పరచుటయే మనము చేయగలిగినది.

1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని పంతులుగారు చెరసాలకు వెళ్లిరి. అరువది దాటిన వయస్సు. వెలుపల వ్యాపారము, పత్రికలు. చేతులు కట్టబడిన యా దినములను విచారమునకు వదలక భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాసిరి. అయాచితముగా లభించిన తీరిక ఎంత విలువగలదో దీనివలన తెలియును. మనకు బస్సు ఆలస్యమైనను, కరెంటు పోయినను చేతి ఫోను తెరచి గంట గడిపివేయుదుము.

1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1936లో అమృతాంజనము లిమిటెడు కంపెనీగా మారెను. యజమాని యొక్కని ఊపిరిమీద నడచిన వ్యాపారమునకు అట్లు సొంత కాళ్లు వచ్చినవి. 1937 నవంబరులో మద్రాసులోని వారి గృహము శ్రీబాగులో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుండి ఒడంబడిక చేసికొనిరి. 1938 ఏప్రిలు 11వ తేదీన పంతులుగారు పరమపదించిరి.

పిమ్మట జరిగినది చూచినప్పుడే వారి కాలనిర్వహణపు విలువ తెలియును. అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికల భారము వహించిరి. సోమనాథుని పండితారాధ్య చరిత్రము చిలుకూరి నారాయణరావుగారి పీఠికతో అదే గ్రంథమాలలో 1939లో వెలువడెను. స్థాపకుడు పోయిన మరుసటి యేటను గ్రంథమాల ఆగలేదు. ఆంధ్రపత్రిక 1991 వరకు నడచెను. అమృతాంజనము నేటికిని ఇంటింట నున్నది.

కావున సోదరులారా, మొదటి పనిని నిలద్రొక్కించి రెండవదానికి పోవుడు. పదిమంది యెదుట గడువు పెట్టుకొనుడు. తగినవారికి పని అప్పగించుడు. అనుకోని తీరికను చేజార్చుకొనకుడు. సాయంకాలము కొట్టు కట్టుచు రూకలు లెక్కించుకొనునట్లే, ఆ దినపు గడియలు ఎటుపోయినవో కూడ లెక్కించుకొనుడు. రూక పోయిన మరల సంపాదింపవచ్చును. గడియకు మారుగడియ దొరకదు.