అకేడియా పరిశోధకులకు పదేళ్ల అభినందన

అమెరికా ఈశాన్య కొసన, మెయిన్ రాష్ట్ర తీరంలోని అకేడియా నేషనల్ పార్కులో ‘సెకండ్ సెంచరీ స్టీవర్డ్‌షిప్’ పేరిట పరిశోధకులకు ఇచ్చే ఫెలోషిప్‌లకు ఇది పదేళ్ల పండుగ. 2016లో, అకేడియాకూ ఆ దేశపు నేషనల్ పార్క్ సర్వీసుకూ నూరేళ్లు నిండిన ఏడే ఇవి మొదలయ్యాయి. పార్క్ సర్వీసు, షూడిక్ ఇన్‌స్టిట్యూట్, శాస్త్రవేత్తల సంఘం ఏఏఏఎస్ చేతులు కలిపి వీటిని తలకెత్తుకున్నాయి. ఈ ఆలోచన చేసినవారికీ, ఫెలోషిప్ అందుకుని కొండలెక్కి, బురదలో దిగి పనిచేసినవారికీ మనసారా అభినందనలు.

ఇలాంటి గౌరవం అకేడియాకు దక్కడం ఎంతో సబబు. ఆ పార్కు వెనుక ఉన్నది విద్యార్థుల పరిశోధనే. 1880 వేసవిలో కొందరు హార్వర్డ్ విద్యార్థులు చార్లెస్ ఎలియట్ నాయకత్వంలో ఇప్పుడు పార్కున్న మౌంట్ డెజర్ట్ దీవిలో గుడారాలు వేసుకున్నారు. షాంప్లేన్ సొసైటీ అని పేరు పెట్టుకుని, మొక్కలు ఒకరు, పక్షులు ఒకరు, రాళ్లు ఒకరు అని పని పంచుకుని, చూసినదల్లా రాసిపెట్టారు. ఆ శ్రమలోంచే 1894లో ఆ దీవి మొక్కల మీద ఒక గ్రంథం వచ్చింది. ఎలియట్ మాత్రం 1897లో, 37 ఏళ్లకే కన్నుమూశాడు. ఇలాంటి చోట్లను కాపాడాలన్న కొడుకు కోరికను తండ్రి, హార్వర్డ్ అధ్యక్షుడు, భుజాన వేసుకుని 1901లో భూముల రక్షణకు ఒక ట్రస్టు పెట్టించాడు. ఆ ట్రస్టు కూడబెట్టిన నేలే 1916లో దేశానికి దక్కి, 1919లో నేషనల్ పార్కు అయింది.

ఆనాటి కుర్రాళ్ల జాబితా ఈనాటికీ పనికొస్తోంది. అందులోని మొక్కల్లో దాదాపు ఐదో వంతు జాతులు ఇప్పుడు దీవిలో కనిపించడం లేదు. ఎవరూ రాసిపెట్టకపోయి ఉంటే, పోయినవేమిటో కూడా మనకు తెలిసేది కాదు. ఇక రాతలకు ముందు కాలం సంగతి? ఫెలోషిప్ పొందిన ఒక పరిశోధకురాలు కొండ మీది చెరువు అడుగున గొట్టం దింపి, నిలువునా బురద పైకి తీసింది. దాన్ని పొరలు పొరలుగా విడదీసి, సూక్ష్మదర్శిని కింద పుప్పొడి రేణువుల్ని ఒక్కొక్కటే గుర్తుపడుతూ లెక్కపెట్టాలి. మంచు పలకలు కరిగిన నాటి నుంచి ఆ కొండ మీద ఏ మొక్క ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్లిందో ఆ లెక్కే చెబుతుంది. ఎంత ఓపిక కావాలి ఆ పనికి!

ఈ ఫెలోషిప్‌లో నాకు బాగా నచ్చింది మరొకటి ఉంది. డబ్బిచ్చి ఊరుకోరు, తెలుసుకున్నది మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పడంలో తర్ఫీదు కూడా ఇస్తారు. ఏటా 40 లక్షల దాకా సందర్శనలు నమోదయ్యే చోట అది అవసరం కూడా. కాలిబాట దాటి అడుగేస్తే కొండ నెత్తిన పలచటి మట్టి ఎలా కొట్టుకుపోతుందో విడమరచి చెబితే, వినేవాళ్లు వింటారు.

అకేడియా పరిశోధనలో స్థానికులకూ చోటుంది. ఆ నేలకు తొలి వారసులు వబనాకీ జాతుల ప్రజలు. ఉప్పునీటి చిత్తడిలో పెరిగే స్వీట్‌గ్రాస్ అనే సువాసనల గడ్డితో వాళ్లు తరతరాలుగా బుట్టలు అల్లుతున్నారు. మన మేదరి వెదురు గడను ఎంచినట్టే, వాళ్లూ గడ్డిని పోచ పోచగా చూసి, వేరు కదలకుండా తీస్తారు. పార్కు ఏర్పడ్డాక ఆ కోతకు అడ్డుపడ్డ నిబంధన 2016లో సడలింది. గుర్తింపు పొందిన జాతులు ఒప్పందం చేసుకుని సంప్రదాయ మొక్కలు సేకరించుకోవచ్చు. కోత వల్ల గడ్డికి చేటుందా లేదా తేల్చే అధ్యయనంలో అకేడియా ఆ అల్లికవారినే భాగస్వాములను చేసింది. మలిసీట్ జాతికి చెందిన శాస్త్రవేత్త సుజాన్ గ్రీన్‌లా అందులో ముందు నిలిచారు. ప్రకృతి ఒక గదిలో, సంస్కృతి ఒక గదిలో ఉండవని ఇంతకన్నా చక్కగా ఎవరు చూపగలరు?

అకేడియా మిత్రులారా, మీ పదేళ్ల కృషికి జేజేలు. మీ బాట ఇంకా సాగాలి. మన విశ్వవిద్యాలయాలకూ, అటవీ శాఖకూ, విదేశాల్లోని తెలుగు సంఘాలకూ ఒక విన్నపం: పాపికొండల నేషనల్ పార్కు పేరిట ఇలాంటి ఫెలోషిప్ ఒక్కటైనా పెట్టండి. దానికి జరిగే మొదటి సమావేశానికే అక్కడి కొండరెడ్లను పిలవండి.