ప్రజాకవి మఖ్దూం మొహియుద్దీన్

దేశభక్తి గీతాలనగానే మనకు బంకించంద్రుని వందేమాతరం, ఇక్బాల్ తరానా, గరిమెళ్ళ సత్యనారాయణగారి పాట స్ఫురిస్తాయి. వాటి పుట్టుక గురించి పాఠ్యగ్రంథాలు కొంత చెబుతూనే ఉన్నాయి. హైదరాబాద్ సంస్థానానికి చెందిన ఒక కవి రచించగా, దేశంలోని కార్మికుల నోట నిలిచిన 'జంగ్-ఎ-ఆజాదీ' గీతాన్ని గురించి మాత్రం మన విద్యార్థులకు తెలిసింది స్వల్పం. గేటు మీటింగులో ఉపన్యాసానికి ముందు పాట వినే మన బొగ్గుగనుల ప్రాంతానికి ఆ కవి పరాయివాడు కాడు.

మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4న నాటి మెదక్ జిల్లా అందోలులో జన్మించారు. బాల్యంలోనే తండ్రి గతించగా పినతండ్రి పెంచి పెద్దచేశారు. ధనికులూ దరిద్రులూ ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని భుజించే దేశం ఒకటి ఏర్పడిందని, ఆ పినతండ్రి రష్యా విప్లవాన్ని గురించి పిల్లవానికి చెప్పేవారట. పై చదువుకు హైదరాబాద్ చేరిన మఖ్దూం మసీదులలో నిద్రించి, ట్యూషన్లు చెప్పి, సినిమా తారల బొమ్మలు అమ్మి పొట్టపోసుకున్నారని చెబుతారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయనకు తొలి కీర్తి తెచ్చినది విప్లవ గీతం కాదు. 1933లో హాస్టలు మిత్రుని శాలువా మీద అల్లిన 'పీలా దుశాలా' అనే హాస్యగీతం! విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. మరుసటి సంవత్సరం బెర్నార్డ్ షా నాటకాన్ని అనుసరించి వ్రాసిన 'హోష్ కే నాఖూన్' టాగోర్ సమక్షంలో ప్రదర్శింపబడింది. ఎం.ఏ. పూర్తిచేసి, 1939లో సిటీ కాలేజీలో అధ్యాపకులైనారు. కొద్దికాలానికే ఆ ఉద్యోగాన్ని వదలుకొని కార్మికోద్యమంలో చేరారు. నిజాం పాలనలో కమ్యూనిస్టు పార్టీని నిర్మించిన తొలితరం వారిలో ఆయన ఒకరు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులు కూడా ఆయనే.

రెండవ ప్రపంచయుద్ధపు రోజులలో ఆయన వ్రాసిన రెండు పాటలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి 'సిపాహీ'. యుద్ధానికి వెళ్ళే సిపాయిని, ఎవరి కొరకు ఎక్కడికి పోతున్నావని నిలదీసే గీతమది. ఇంట మిగిలినవారి దుఃఖమే అందులో వినవస్తుంది. రెండవది 'జంగ్-ఎ-ఆజాదీ'. ఇందులో యుద్ధం శాపం కాదు, స్వాతంత్ర్యానికి మార్గం. ఒకే కవి ఇట్లా రెండు విధాల ఎందుకు పాడాడు? 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ దేశంపై దండెత్తడంతో కమ్యూనిస్టుల దృష్టిలో యుద్ధస్వభావమే మారిపోయింది. సామ్రాజ్యవాదుల తగవు వారికి ప్రజాయుద్ధమైంది. క్విట్ ఇండియా ఉద్యమంలో దేశం ఉడికిపోతున్న వేళ ఆ పార్టీ దానికి దూరంగా ఉన్నది. ఆ విధానం సరియైనదని నేననను. కాని పాట తన పార్టీ తీర్మానాన్ని దాటిపోయింది. ప్రజానాట్యమండలి వారు ఊరూరా పాడినపుడు, విన్న జనానికి అందులో తోచినది ఫాసిస్టు వ్యతిరేక యుద్ధం కాదు, ఆంగ్లేయుల నుంచి విముక్తి. తరువాత సమ్మెలలో పాడినవారికి అది కూలీ కొరకు పోరాటమైంది. ఇక 'సిపాహీ' 1960లో 'ఉస్‌నే కహా థా' చిత్రంలో సలీల్ చౌధురి స్వరాలతో చేరి, మొదటి ప్రపంచయుద్ధపు కథకు పాటయింది.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఆయన అజ్ఞాతంలో గడిపారు. 'తెలంగాణ' అనే కవిత ఆ పోరాటాన్ని గురించినదే. 1951లో అరెస్టయ్యారు. జైలులో వ్రాసిన 'ఖైద్' ఆయన ఉత్తమ కవితలలో ఒకటని నా అభిప్రాయం. 1952 ఎన్నికలలో పాతబస్తీలోని షాలిబండాలో నిలబడి, కాంగ్రెస్ అభ్యర్థిని మాసూమా బేగం చేతిలో ఓడిపోయారు. అదే సంవత్సరం నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచారు. ఉర్దూ కవిని ఉర్దూ నగరం కాదంటే తెలుగు రైతులు శాసనసభకు పంపించారన్న మాట! తరువాత చాలాకాలం శాసనమండలిలో ఉన్నారు.

'సుర్ఖ్ సవేరా' 1944లో, 'గుల్-ఎ-తర్' 1961లో, 'బిసాత్-ఎ-రఖ్స్' 1966లో వెలువడ్డాయి. రెండవ సంపుటి నాటికి నినాదం తగ్గి గజల్ మార్దవం పెరిగింది. దీనిని కొందరు వెనుకంజ అన్నారు గాని, లుముంబా హత్య మీద కవిత వ్రాసినది కూడా ఆ కాలపు మఖ్దూమే. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. హైదరాబాద్‌లోని షా ఖామోష్ దర్గా శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆ ఏటి సాహిత్య అకాడమీ బహుమతి 'బిసాత్-ఎ-రఖ్స్'కు లభించింది.

1978లో 'గమన్' చిత్రంలో ఛాయా గంగూలీ ఆయన గజల్ పాడారు. ఆ గజల్ ఫణితినే తీసుకొని, పాకిస్తాన్ కవి ఫైజ్ అహమద్ ఫైజ్ అదే సంవత్సరం మఖ్దూం జ్ఞాపకార్థం మరొక గజల్ రచించారు. 1982లో 'బజార్' చిత్రంలో వచ్చిన మరో గజల్ నేటికీ రేడియోలో వినిపిస్తూనే ఉన్నది. అది జంగ్-ఎ-ఆజాదీ వ్రాసిన చేతిదేనని చాలామందికి తెలియదు.