జొహన్నెస్ లుత్మా

జొహన్నెస్ లుత్మా (సుమారు 1584 – 1669) 17వ శతాబ్దానికి చెందిన సుప్రసిద్ధ డచ్చి వెండి శిల్పి. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో పనిచేసాడు. చిత్రకారుడు రెంబ్రాంట్ 1656లో రాగి రేకుపై చెక్కిన చిత్రం వల్ల ఇతని ముఖం ప్రపంచానికి పరిచయమైనది. ఇతని చేతిపనిని గుర్తించడానికి మాత్రం వెండిపై కొట్టిన చిన్న ముద్రలే నేటికీ ముఖ్యమైన ఆధారం.

జీవితం

రెంబ్రాంట్ చిత్రంపై ఉన్న లాటిన్ వ్రాత ప్రకారం ఇతడు గ్రోనింగెన్‌లో జన్మించాడు. తరువాతి పరిశోధకులు మాత్రం, సరిహద్దుకు ఆవల ఉన్న జర్మను రేవు పట్టణం ఎమ్డెన్‌ను జన్మస్థలంగా నిర్ధారించారు. 1621 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్ చేరి అక్కడే స్థిరపడ్డాడు. అప్పటికి ఆ నగరం ఐరోపాలోకెల్లా సంపన్నమైన వర్తక కేంద్రాలలో ఒకటి. వెండి పాత్రలు చేయించుకోగల వర్తకులకు, నగరాధికారులకు అక్కడ కొదువ లేదు.

యాకబ్ బాకర్ అనే చిత్రకారుడు లుత్మాను, అతని రెండవ భార్య సారాను జంట చిత్రాలుగా చిత్రించాడు. కుమారులు యాకబ్, యాన్ ఇద్దరూ తండ్రి బాటలోనే నడిచారు. యాకబ్ తండ్రి గీసిన అలంకార నమూనాలను రేకులపై చెక్కి 1650లలో అచ్చు వేసాడు. యాన్ 1681లో తన తండ్రి ముఖచిత్రాన్ని సుత్తెతో, సన్నని మొనగల పనిముట్టుతో రేకుపై చుక్కలు చుక్కలుగా పొడిచి తయారుచేసాడు. వెండి పనివాని పద్ధతిలోనే వెండి పనివాని బొమ్మ తీయడం సముచితమే.

శైలి, రచనలు

ఊట్రెఖ్ట్ నగరానికి చెందిన పౌలుస్ ఫాన్ వియానెన్ (మరణం 1613), ఆడమ్ ఫాన్ వియానెన్ (మరణం 1627) సోదరులు ఒక వింత అలంకార రీతిని సృష్టించారు. అందులో లోహం చెవి తమ్మెల వలె, సముద్ర జీవుల దేహాల వలె మెత్తగా మెలికలు తిరిగి కరిగి జారుతున్నట్లు కనిపిస్తుంది. వారి అనంతరం ఈ రీతిని శిఖరానికి చేర్చినవాడు లుత్మా. అయితే సోదరుల పనిలో ఉన్న భయంకర రూపాలు ఇతని చేతిలో కొంత నెమ్మదించాయి. మానవ రూపాలు స్పష్టంగా నిలిచాయి. 1639లోను, 1643లోను చేసిన ఉప్పు గిన్నెలు ఇందుకు మంచి ఉదాహరణ. వీటిలో ఉప్పు ఉంచే గిన్నెను ఒక బాలుని బొమ్మ మోస్తుంది. 1645 అగ్నిప్రమాదం తరువాత పునర్నిర్మించిన ఆమ్‌స్టర్‌డామ్ కొత్త చర్చిలో ఇత్తడి తెర కూడా ఇతని పనియే.

వెండి పాత్రకు కరిగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అవసరం వచ్చినా, వాడుక మారినా, యజమాని దానిని మూసలో వేసి కరిగించి సొమ్ము చేసుకుంటాడు. అందువలన ఇంత పేరు పొందిన శిల్పి పనిలో కూడా మిగిలినది స్వల్పమే.

ముద్రలు

16వ శతాబ్ది ఆరంభం నుండి డచ్చి పట్టణాలలో వెండి వస్తువుపై పనివాని ముద్ర, పట్టణ ముద్ర, సంవత్సరాన్ని తెలిపే అక్షరం కొట్టడం నియమంగా ఉన్నది. ఆమ్‌స్టర్‌డామ్ పట్టణ ముద్రలో కిరీటం క్రింద ఒకదానిపై ఒకటిగా మూడు అడ్డ శిలువలుంటాయి. 1663 నుండి హాలండ్ రాష్ట్రంలో మేలి వెండికి కిరీటం గల సింహం ముద్ర కూడా చేరినది. కాబట్టి 1640ల నాటిదని చెప్పే ఆమ్‌స్టర్‌డామ్ చెంచాపై ఆ సింహం ఉంటే సందేహించవలసినదే.

పనివాని ముద్రలో పేరు పూర్తిగా ఉండదు. రెండు పొడి అక్షరాలో, పువ్వో, పక్షియో, కుటుంబ చిహ్నమో ఉంటుంది. పనివారి సంఘంలో ఒక రాగి రేకుపై సభ్యులు తమ ముద్రలు కొట్టి ఉంచేవారు. ఇటువంటి రేకులు దొరికిన పట్టణాలలో గుర్తింపు సులభం. పోయినచోట వ్రాతపత్రాలు, ఇతర వస్తువులతో పోల్చి చూడాలి. సంవత్సరాక్షరంతోనూ చిక్కు ఉన్నది. అక్షరమాల ముగియగానే మళ్ళీ మొదటి నుండి ప్రారంభమవుతుంది గనుక, అక్షరం ఏదో తెలిస్తే చాలదు. దాని ఆకృతి, చుట్టూ ఉన్న గీత కూడా గమనించాలి.

చెంచాలపై ఈ ముద్రలు సాధారణంగా గిన్నె వెనుక భాగంలోనో, కాడపైనో ఉంటాయి. తరతరాలు రుద్ది కడిగినందున తరచుగా అరిగి ఉంటాయి. 1814లో దేశమంతటికీ ఒకే పద్ధతి వచ్చినది. చిన్న వస్తువులపై కనబడే చిన్న కత్తి ముద్ర ఆ పద్ధతిలోనిదే గనుక, అది ఉన్న చెంచా లుత్మా కాలానిది కానేరదు. 19వ శతాబ్ది చివర పాత ముద్రలను పోలిన నకిలీ ముద్రలతో అలంకార చెంచాలు విరివిగా తయారయ్యాయి.

రెంబ్రాంట్ చిత్రం

రెంబ్రాంట్ ఈ చిత్రం చేసిన 1656వ సంవత్సరమే అతడు అప్పుల పాలై తన ఆస్తిని కోర్టుకు అప్పగించినది. లుత్మా అప్పటికి డెబ్బై ఏళ్ళు దాటిన వృద్ధుడు. చిత్రంలో తలపై టోపీతో కుర్చీలో కూర్చుని ఉంటాడు. ప్రక్కన బల్లపై వెండి గిన్నె, సుత్తె, సన్నని ఉలులు నిలిపిన పాత్ర ఉన్నాయి. మొదటి ముద్రణలలో వెనుక కిటికీ లేదు. కిటికీని, పేరును తరువాత చేర్చారు. లుత్మా 1669లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మరణించాడు. రెంబ్రాంట్ మరణించినదీ ఆ సంవత్సరమే.