బాడ్ వెనకాల మనిషి: ఎమీల్ బొదో

మాది వనపర్తి జిల్లా గోపాల్‌పేట. లాక్‌డౌన్ అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆన్‌లైన్ క్లాస్ కోసం ఫోన్ పట్టుకుని మిద్దె ఎక్కేవాణ్ణి. అక్కడ సిగ్నల్ ఉండేది గానీ స్పీడ్ ఉండేది కాదు. సారు బొమ్మ ఆగిపోయేది, గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. అందుకే ఈ సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్ట్ అనగానే మా ఊరికి నెట్‌వర్క్ ప్లాన్ వేద్దామని కూర్చున్నా. 40 ఇళ్ళు తీసుకున్నా. నా ఫోన్‌లో వీడియో దిగుతుంటే సెకనుకు 2 ఎంబీ అని చూపించింది. 40 ఇళ్ళకి 80 అయింది. 100 ఎంబీపీఎస్ లైన్ చాలు, ఇంకా 20 మిగుల్తుంది అని రాసేశా.

మేడం ఒక్క చూపులో పట్టేశారు. ఫోన్ చూపించింది మెగాబైట్లు. లైన్‌కి చెప్పేది మెగాబిట్లు. ఒక బైట్‌కి 8 బిట్లు కాబట్టి ఇంటికి 16, మొత్తం 640 మెగాబిట్లు కావాలి. మార్కులు పోతే నాకే పోతాయి. కానీ ఆ ప్లాన్ నిజంగా వేసి ఉంటే మిద్దె ఎక్కేది ఇంకో తొమ్మిదో తరగతి పిల్ల.

ఆ రాత్రి యూనిట్లన్నీ మొదట్నుంచి చదివా. బిట్, బైట్ తర్వాత బాడ్ అని ఇంకొకటి కనపడింది. అది ఒక మనిషి పేరు నుంచి వచ్చిందని అప్పుడే తెలిసింది. ఈ వ్యాసం ఆయన గురించే.

ఎమీల్ బొదో 1845 సెప్టెంబర్ 11న ఫ్రాన్స్‌లో మన్యో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. రైతు కొడుకు. ఊరి ప్రైమరీ స్కూల్‌తోనే చదువు అయిపోయింది, తర్వాత నాన్నతో పొలం పని. 1870 ప్రాంతంలో టెలిగ్రాఫ్ శాఖలో అప్రెంటిస్‌గా చేరాడు. మోర్స్ మెషిన్, అక్షరాలు అచ్చు వేసే హ్యూస్ మెషిన్ అక్కడే నేర్చుకున్నాడు. ప్రష్యాతో యుద్ధం వస్తే వెళ్ళి, 1872లో పారిస్‌లో మళ్ళీ ఉద్యోగంలో కూర్చున్నాడు.

ఆ రోజుల్లో ఊరి నుంచి ఊరికి తీగ వేయడం చాలా ఖర్చు. ఆపరేటర్ చెయ్యి మాత్రం స్లో. ఒక్కడు కొడుతుంటే ఒక గుర్తుకీ ఇంకో గుర్తుకీ మధ్య తీగ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని నలుగురికి పంచలేమా అన్నదే బొదో పట్టుకున్న ప్రశ్న. శాఖ వాళ్ళు ప్రోత్సహించారు కానీ సొంత టైమ్‌లో చేసుకోమన్నారు. పైగా ఆరోగ్యం బాలేదు. ఒకసారి నెల రోజులు డ్యూటీకి పోలేకపోయాడు. ఆ బాధ చివరిదాకా ఆయన్ని వదల్లేదు.

మోర్స్‌లో ఒక అక్షరం పొట్టి, ఒకటి పొడుగు. అట్లాంటి వాటికి సమాన వాటాలు వేయడం కష్టం. అందుకే బొదో ప్రతి అక్షరానికీ సమానమైన 5 గుర్తులు ఇచ్చాడు. ఒక్కో గుర్తు ఉంటే ఉంది, లేకపోతే లేదు. అట్లా 32 కలయికలు వస్తాయి. ఐదు గుర్తుల ఆలోచన ఆయనకంటే ముందే ఉంది, దాన్ని పనిచేసే మెషిన్‌గా మార్చింది ఆయన. తిరిగే బ్రష్ ఒకటి తీగను ఒక్కో ఆపరేటర్‌కి వంతులవారీగా కలుపుతుంది. అవతలి ఊళ్ళో ఇంకో బ్రష్ అదే వేగంతో తిరుగుతుంది. ఆపరేటర్ ముందు ఐదే మీటలు, ఎడమ చేతికి రెండు, కుడి చేతికి మూడు. తన వంతు వచ్చిందని టిక్కుమని శబ్దం వస్తే నొక్కాలి.

1874లో పేటెంట్ తీసుకున్నాడు. 1877లో పారిస్, బోర్డో ఊళ్ళ మధ్య లైన్ మీద పరీక్షించారు. 1878 పారిస్ ఎగ్జిబిషన్‌లో బంగారు పతకం వచ్చింది. ప్రైమరీ స్కూల్ చదువుతో చేరినాయన చివరికి ఇంజనీర్ హోదాకి వెళ్ళాడు. ఇంట్లో మాత్రం సుఖం తక్కువ. 1890లో పెళ్ళైంది, మూడు నెలలకే భార్య చనిపోయింది. ఆయన 1903 మార్చి 28న, 57 ఏళ్ళకే పోయాడు. 1920ల్లో టెలిగ్రాఫ్ వేగం కొలిచే యూనిట్‌కి ఆయన పేరు పెట్టారు.

ఇక్కడే మనం తప్పు చేస్తాం. బాడ్ అంటే సెకనుకు ఎన్ని గుర్తులు అని. బిట్లు ఎన్ని అని కాదు. బొదో మెషిన్‌లో ఒక గుర్తుకి ఒక బిట్ కాబట్టి రెండూ ఒకటే. తర్వాతి మోడెమ్‌లలో ఒక గుర్తు మీద 4 బిట్లు ఎక్కించారు. అప్పుడు 2400 బాడ్ అంటే 9600 బిట్లు.

బొదో ఆపరేటర్ నిమిషానికి సుమారు 30 మాటలు పంపేవాడు. ఖాళీతో కలిపి మాటకి 6 అక్షరాలు అనుకుందాం. నిమిషానికి 180, సెకనుకు 3 అక్షరాలు. ఒక్కో దానికి 5 బిట్లు, అంటే సెకనుకు 15 బిట్లు. నేను చాలదని కొట్టేసిన 100 ఎంబీపీఎస్ లైన్‌లో అట్లాంటి ఆపరేటర్లు 66 లక్షల మంది పడతారు!

అయినా ఆయన ఆలోచన పాతబడలేదు. పంచాయతీలకు ఫైబర్ ఇచ్చే భారత్‌నెట్‌లో జీపాన్ అనే పద్ధతి వాడతారు. ఒకే ఫైబర్ చాలా చోట్లకి చీలుతుంది. అందరూ ఒకేసారి పైకి పంపితే సిగ్నల్స్ గుద్దుకుంటాయి కాబట్టి ఒక్కో పెట్టెకి ఒక్కో టైమ్ స్లాట్ ఇస్తారు. బ్రష్ లేదు, టిక్కు లేదు, వంతు మాత్రం అదే.

ప్రాజెక్ట్ మళ్ళీ రాశా. ఈసారి ప్రతి అంకె పక్కన బిట్టా, బైటా అని పూర్తిగా రాశా. లైన్ 100 నుంచి 1000 ఎంబీపీఎస్‌కి పెంచా. పొలం నుంచి వచ్చిన ఆ ఆపరేటర్ తీగలో ఒక్క క్షణం కూడా వేస్ట్ కానివ్వలేదు. నేను కనీసం 8తో గుణించడమైనా మర్చిపోకూడదు కదా.