జల్లెడ పట్టిన డాక్టరు గారు

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని సంఘం నుంచి ఫోను వచ్చినప్పుడు నా ఉద్యోగం గురించి రాయమన్నారు. కంప్యూటర్‌లో లెక్కలు కట్టి కొత్త అతివాహకాలను వెతికే బృందంలో నేనొక ఇంజనీరుని. ఆ ముక్క మా ఇంట్లోవాళ్లకే సరిగ్గా అర్థం కాదు. అందుకని ఇంచుమించు అలాంటి పనే కంప్యూటర్ లేని రోజుల్లో ఎలుకలతోనూ మట్టితోనూ చేసిన ఒకాయన కథ రాస్తున్నాను. ఆయన మన ఊళ్లో బడికెళ్లిన మనిషే.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. రాజమండ్రిలో చదువుకు పెడితే ఆ చదువు సాగలేదు. ఇంట్లో దగ్గరివాళ్లు పోవడం, చేతిలో డబ్బు ఆడకపోవడం. పదమూడో ఏట కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని బయల్దేరితే వెనక్కి పట్టుకొచ్చారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. మా సైన్సు మాస్టారు ఈ సంగతి ఏటా క్వార్టర్లీ పేపర్లు ఇచ్చే రోజునే చెప్పేవారు. మా వెనక బెంచీవాళ్లకి అది మహా ఇష్టమైన పాఠం.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతూ రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటుతో వెళ్లడం సర్జరీ ప్రొఫెసరుకి గిట్టలేదు. చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, ఎల్ఎంఎస్. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గిపోయి, మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బది. అప్పట్లో దానికి మందు లేదు.

చదువు ఖర్చులో చాలా భాగం భరించినది అనపర్తి కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు. ఆయన కూతురు శేషగిరి గారినే సుబ్బారావు గారు పెళ్లి చేసుకున్నారు. మామగారి డబ్బుకి తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం చేస్తామంటే, 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. మళ్లీ రాలేదు. పుట్టిన కొడుకును చూడనే లేదు, ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. ఆయన గురించి రాసేవాళ్లు ఈ భాగాన్ని త్వరగా దాటేస్తారు. నేనూ దాటేస్తున్నాను గానీ, శేషగిరి గారి వైపు నుంచి ఈ కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

బోస్టన్‌లో రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేస్తూ, పగలు హార్వర్డ్‌లో చదివారు. ప్రొఫెసర్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఎక్కువ. 1925 నాటి ఆ పద్ధతి ఇద్దరి పేరు మీదా ఈనాటికీ జీవరసాయన శాస్త్రం ల్యాబుల్లో ఉంది. ఆ కొలత చేతికందాక, కండరం పనిచేయడానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్ 1927లో, ఏటీపీ 1929లో బయటపడ్డాయి. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా పట్టుకున్నాడు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లిపోయారు.

నాకు బాగా నచ్చే సుబ్బారావు గారు అక్కణ్ణుంచే మొదలవుతారు. ఒక పెద్ద బృందాన్ని కూడగట్టి, పదార్థాలను వరసపెట్టి జల్లెడ పట్టించారు. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేశారు. తమ్ముళ్లనో అన్నలనో మింగేసిన ఆ స్ప్రూ జబ్బు రక్తహీనతకు అదే మందయింది. ఆ అణువులో అక్కడో కొస, ఇక్కడో కొస మార్చి, ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే రూపాలనూ ఆయన బృందం చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చి చూస్తే, 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు. మరోపక్క, డెబ్బై దాటి రిటైరైన డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి పిలిచి పని అప్పగించారు. ఊరూరి నుంచీ తెప్పించిన మట్టి నమూనాల్లో సూక్ష్మజీవుల్ని వెతగ్గా, మిస్సోరీ మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ దాన్నుంచే వచ్చింది.

ఇక మన గోదావరి జిల్లాలకు కావలసిన సంగతి, ఫైలేరియా. మనుషుల్లో బోదకాలు తెచ్చే పురుగు ఎలుకల్లో బతకదు. మరి మందులు దేనిమీద పరీక్షించాలి? కాటన్ ర్యాట్ అనే అమెరికా ఎలుకకు సహజంగానే ఒక ఫైలేరియా పురుగుంటుంది. మన పురుగు కాదు, దానికి దాయాది. లెడర్లీ బృందం ముందు ఆ ఎలుకల మీద, తర్వాత కుక్కల మీద మందుల్ని పరీక్షించింది. నెగ్గిన మందు డైఇథైల్ కార్బమజీన్, అమ్మకం పేరు హెట్రజాన్. 1947లో వచ్చిన ఆ పత్రం మీద సుబ్బారావు గారి పేరు మరి కొందరి పేర్లతో కలిసే ఉంది. ఆయనొక్కడే కనిపెట్టాడని మనవాళ్లు చెప్పుకోవడం ఆయనకే నచ్చేది కాదేమో.

మా పని కూడా ఇలాంటిదే. అతివాహకం అంటే కరెంటును బొత్తిగా అడ్డుకోని పదార్థం. 1911లో పాదరసంలో మొదట చూసినప్పుడు సున్నాకు 269 డిగ్రీలు కిందకు చల్లబరచాల్సి వచ్చింది. ఎమ్మారై యంత్రంలో అయస్కాంతపు తీగల్ని ఈనాటికీ ద్రవ హీలియంతోనే చల్లబరుస్తారు. అంత చలి అక్కర్లేని పదార్థం కోసం లక్ష పైచిలుకు స్ఫటికాల జాబితా ముందేసుకుంటాం. మొదట చవక పరీక్ష: ఇది లోహంలా కరెంటు మోస్తుందా? తర్వాత, అణువులు కంపిస్తే నిర్మాణం నిలబడుతుందా, కూలుతుందా? నిలిచినవాటికి మాత్రమే ఆ కంపనాలు ఎలక్ట్రాన్లను ఎంత గట్టిగా జతకడతాయో లెక్క. ఒక్కో పదార్థానికి ఇది రోజులు పడుతుంది. 2014లో చైనా శాస్త్రజ్ఞులు లెక్క కట్టి, విపరీతమైన ఒత్తిడిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అతివాహకం కావచ్చన్నారు. 2015లో జర్మనీలో ప్రయోగం చేస్తే మైనస్ 70 డిగ్రీల దగ్గరే అయింది. కాకపోతే దానికి లక్షల వాతావరణాల ఒత్తిడి కావాలి, వైరు చుట్టుకోవడానికి పనికిరాదు.

జల్లెడ కన్నం ఎంతుండాలన్నదే అసలు చిక్కు. మెగ్నీషియం డైబోరైడ్ 1950ల నుంచీ రసాయన శాస్త్రజ్ఞులకు తెలిసినదే. అతివాహకమేమోనని చల్లబరిచి చూసింది 2001లో, జపానులో. మేమూ ఓసారి గణితం ఖర్చు తగ్గిద్దామని కన్నం బిగించి, మంచి గింజను తవుడుతో పాటు పారబోశాం. ఆర్నెల్ల తర్వాత ఒక కుర్రాడు పట్టుకున్నాడు. ఆ కన్నం బిగించింది నేనే. ఎలుకలో దాయాది పురుగును నమ్మడానికి ఆ డాక్టరు గారికి ఎంత ధైర్యం కావాలో ఆ రోజు తెలిసింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో గుండె ఆగి ఆయన పోయారు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి అప్పటికి రెండు నెలలు. తర్వాత ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

మా నాయనమ్మది బోదకాలు. మాత్రలు రక్తంలోని పిల్ల పురుగుల్ని చంపుతాయి గానీ, ముదిరిన కాలును తగ్గించలేవు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఫైలేరియా వాళ్లు రాత్రి పదింటికి మా వీధికొచ్చి, నిద్రలేపి వేలు గుచ్చి రక్తం తీశారు. ఆ పురుగు రాత్రిళ్లే రక్తంలోకి వస్తుంది మరి. నాకుందని తేలింది. పన్నెండు రోజులు మాత్రలు. మింగిన మొదటి రాత్రే జ్వరమొచ్చింది. నాలుగు రోజులు మింగి, మిగతావి కాలవలో పారేశాను. కార్డు మీద పన్నెండు టిక్కులూ పడ్డాయి. అవి సుబ్బారావు గారి ల్యాబు నుంచి వచ్చిన మందని మాస్టారు చెప్పింది ఆ ఏడాదే. మరుసటేడు మళ్లీ నా రక్తంలో కనబడ్డాయి. ఈసారి నాయనమ్మ కాలు చాపుకుని నా ఎదురుగా కూర్చుని, పన్నెండు రోజులూ నోరు తెరిపించి, నాలిక ఎత్తించి చూసి మరీ మింగించింది.