కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

సంఘములను స్థాపించుట సులభము, నిలుపుట కష్టము. ఈ రెంటికిఁ గల భేదమును తెలిసికొనఁ గోరువారికి లక్ష్మణరావు పంతులుగారి జీవితము మంచి పాఠము.

వీరు 1877వ సంవత్సరమున కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపఁగా, అక్కగారగు భండారు అచ్చమాంబగారి యండను నాగపురమున విద్య నభ్యసించిరి. ఎం. ఏ. పట్టమునందిరి, మునగాల సంస్థానమున దివాను పదవి నిర్వహించిరి.

నాఁడు హైదరాబాదు రాజ్యమునఁ దెలుఁగునకు రాజాదరణము లేదు. అట్టితరి 1901లో మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మున్నగువారితోఁ గూడి శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పిరి. రావిచెట్టువారి గృహముననే యది యారంభమయ్యెను. బాధ్యత పలువురిపైఁ బడుటచే, స్థాపకులందఱు గతించినను ఆ నిలయము నేఁటికిని హైదరాబాదున నిలిచియున్నది.

1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలసెను. చరిత్రము, శాస్త్రము జనసామాన్యమునకుఁ దెలియు తెలుఁగున నందించుట దీని యుద్దేశము. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఇందు వెలువడినవే. పని చిన్నచిన్న గ్రంథములుగా విభజింపఁబడెను, ఒక్కొక్క గ్రంథమున కొక్కొక్క రచయిత, కొనుటకుఁ జందాదారులు. పంతులుగారు సంపాదకులై యందఱి పనిని దిద్దిరి. కావుననే యది ఫలించెను.

పిదప వారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకుఁ బూనిరి. సర్వశాస్త్రములను అకారాదిగాఁ దెలుఁగున నిలుపుట మహాసంకల్పము. కాని యిచ్చట వ్యాసములు వ్రాయుట, వ్రాయించుట, సరిచూచుట యను భారమంతయు నాయన భుజములపైననే పడెను. ఆ పాండిత్యమే గ్రంథమునకు గౌరవము. ఆ పాండిత్యమునకు మాఱు లేకుండుటయే గ్రంథమునకు లోపము. అక్షరమాలలోని తొలి యక్షరములను దాటకమున్నే, 1923 జూలైలో చెన్నపురియందు నలువదియాఱేండ్ల ప్రాయమునఁ పంతులుగారు దివంగతులైరి. పని నిలిచిపోయెను. తరువాతఁ గాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరలఁ జేపట్టవలసివచ్చెను.

ఒకే మహనీయుని చేతిలో గ్రంథాలయము నిలిచెను, గ్రంథమాల వర్ధిల్లెను, సర్వస్వము సగములోనే యాగెను. దీక్షలో లోపము లేదు. భారమును పంచుకొనుటలోనే భేదము. ఏటేటఁ దీర్మానములు గావించుకొను మనము, ప్రతి కార్యమునకు నాయకునితోపాటు ఆయన తరువాతివానినిఁ గూడ నేర్పఱచుకొందుమేని, పంతులుగారి ఋణమును కొంతయైనఁ దీర్చుకొన్నవార మగుదుము.